పెద్దమ్మ మింగిన చేపమందు

మందారపువ్వు రేకను నీళ్ళల్ల ఏసి, గిదే చేప అని పెండ్లానికి వీడియో కాల్‌ల చూపెట్టిన మొగోణ్ణి మీరెప్పుడన్నా చూసిన్రా? చూడకపోతే ఇగో, ఛాయ్ చల్లారకముందే నా మొఖం చూడున్రి. నవ్వుడు మాత్రం ఆఖరుకు. మధ్యల నవ్వితే చెప్ప.

మా సరితకు ఫైటర్ చేప ఉన్నది, ఎర్కనే గద. ఎర్రగుంటది, తోకేమో పట్టుచీర కుచ్చిళ్ళ లెక్క. దానికి ఆమె పెట్టుకున్న పేరు పెండ్లికొడుకు. గాజు సీసల ఒక్కడే ఉంటడు, ఇంకో చేపను ఏస్తే కొట్లాటే! మాకు పెండ్లయి పదకొండేండ్లు. నన్ను ఒక్కపారన్నా పెండ్లికొడకా అన్నది లేదు. సరే, గది వేరే ముచ్చట.

మొన్నామధ్య వాని రంగు దిగుతున్నదని సరిత పరేషాన్ అయితే, చేపలమ్మే ఆయన చిన్న డబ్బా ఇచ్చిండు. లోపల ఆవగింజలంత గింజలు. "గిదేనమ్మా దీనికి తిండి, గిదే దీనికి మందు" అన్నడు. అప్పటిసంది మా ఇంట్ల గా డబ్బా పేరు చేపమందు. కొంప ముంచింది గా పేరే.

సరిత నాలుగు దినాలు తల్లిగారింటికి మానుకోట పోయింది. పోయేటప్పుడు నేను అన్నం ఎట్ల వండుకోవాల్నో చెప్పలే. చేపకు పొద్దుగాల మూడు గింజలు, పొద్దూకి మూడు గింజలు, నల్లా నీళ్ళు డైరెక్ట్ పొయ్యొద్దు, ఒకదినం ముందే పట్టిపెట్టినయే పొయ్యాలె... గిదంత నాతోని ఒప్పజెప్పించుకున్నది. "పోయినసారి మల్లెచెట్టును ఎండబెట్టినవ్. పెండ్లికొడుక్కు ఏమన్నైతే నేను మానుకోటల్నే ఉంట" అన్నది. మా సరిత ఉత్తగనే అనే మనిషి కాదు. నాకు గుబులు పట్టుకున్నది.

గదే దినం పాలకుర్తి కాడినుంచి మా పెద్దమ్మ దిగింది, మా అమ్మకు అక్క. ఆమెకు దమ్ము. పది అడుగులు నడిస్తే ఛాతిల పిల్లికూతలు. ఏటా మిరుగునాడు, గదే మృగశిర కార్తెకు, పట్నం పోయి దమ్ముకు చేపమందు మింగుతది. ఈసారి తోడు ఎవలూ దొరకక పోలే. "భూపాలపల్లిల మంచి డాక్టర్ కాడ చూపెట్టు కొడుకా" అనుకుంట మా క్వార్టర్‌కు వచ్చింది.

ఇగ నిన్న. నాకు ఫస్ట్ షిఫ్ట్. బూట్లు తొడుక్కుంటుంటే సరిత ఫోన్. స్పీకర్ల పెట్టిన.

"చేపమందు ఏసినవా?"

"ఇగో, ఏస్తున్న."

"అలమారల ఉన్నది. మూడే గింజలు!"

ఫోన్ పెట్టంగనే పెద్దమ్మ దగ్గరికొచ్చింది. మొఖం వెలిగిపోతున్నది.

"చేపమందు మీ ఇంట్లనే ఉన్నదా కొడుకా?"

"ఉన్నది పెద్దమ్మా."

"ఈ పూటది నేను ఏసుకోనా?"

'ఏసుకోనా' అన్నది ఆమె, అన్నా. షిఫ్ట్ తొందరల నా చెవులకు 'ఏయనా' అని ఇనబడ్డది. ఎంత మంచి మనిషి, చేపకు తిండేస్త అంటున్నది అనుకున్న. "నువ్వే ఏయి పెద్దమ్మా, పుణ్యముంటది. మూడు గింజలే" అని బండి కిక్కు కొట్టి పోయిన.

మధ్యాన్నం మూడింటికి ఇంటికొచ్చి చూస్తే, సీస కడిగి బోర్లించి ఉన్నది! పెండ్లికొడుకు లేడు! పెద్దమ్మ గడప కాడ కూసొని విసనకర్రతోని ఊపుకుంటున్నది.

"చేపమందు మింగిన కొడుకా. గొంతు సాఫ్ అయింది" అన్నది.

"పెద్దమ్మా... మరి చేప?"

"చేప సంగతి నేను చూసుకున్న తియ్యి" అనుకుంట పక్క క్వార్టర్ అక్కకు గీ ముచ్చట చెప్పనీకి లేచిపోయింది.

నేను సీస ఎత్తి దాని కింద గూడ చూసిన. చేపమందు ఎట్ల మింగుతరు? కొర్రమట్ట పిల్ల నోట్ల మందు పెట్టి, బతికున్న చేపను గుటుక్కున మింగుతరు. ఇంట్ల గింజలున్నయ్, చేప ఉన్నది, పెద్దమ్మ ఉన్నది. ఇంకేం గావాలె! ముందు పెద్దమ్మకోసం భయమైంది, గంత తోక గొంతుల అడ్డం పడితే ఎట్ల అని. తర్వాత పెండ్లికొడుకు యాదికొచ్చి నిజంగనే ఏడుపొచ్చింది. రోజు పొద్దుగాల నేను పోంగనే సీస అంచుకు ఉరికొచ్చేటోడు అన్నా! ఇగ సరిత సంగతి తలుచుకునే ధైర్యమే లేకపాయె.

గప్పుడే ఆమె వీడియో కాల్! కట్ చేసిన. మళ్ళ మోగింది. ఇగ ఏం జెయ్యాలె? ముంగట మందారచెట్టు కాడికి ఉరికిన. ఒక రేక తెంపిన, సీసల నీళ్ళు పోసి అండ్ల ఏసిన. దూరం నుంచి చూస్తే, దేవుని తోడు, పెండ్లికొడుకే! ఫోన్ ఎత్తి అర్ర అవతలి మూలకు నిలబడ్డ.

"ఏంది, గంత దూరం నుంచి చూపెడ్తున్నవ్?"

"ఇక్కడనే సిగ్నల్ ఉన్నది."

"కదుల్తలేడేంది?"

"తిని పండుకున్నడు" అనుకుంట టేబుల్‌ను కాలుతోని జర తన్నిన. రేక గిర్రున తిరిగింది.

"అయ్యో, కడుపు పైకయి ఎల్లెలకల పడ్డడేంది!"

గంతల పెద్దమ్మ రానే వచ్చింది. "దేవునికి పెట్టే పువ్వును తెంపి గా సీసల ఎందుకేసినవ్ కొడుకా?"

ఫోన్‌ల సరిత మొఖం తెరకు దగ్గరికొచ్చింది. ఇగ దాచుడు నాతోని కాలే. "సరితా, పెద్దమ్మ పెండ్లికొడుకును మింగింది!" అని ఒర్రిన.

పెద్దమ్మ చేతుల విసనకర్ర కింద పడ్డది. "ఎవలింటి పెండ్లికొడుకునురా? నేను మనుషులను మింగుతనా?"

"చేపను పెద్దమ్మా! చేపమందుతోని!"

"ఓరి పిచ్చోడా! తులసిమాల ఏసుకున్నదాన్ని, నీసు ముట్టుతనా? పట్నంల గూడ నాకు బెల్లంల పెట్టే ఇస్తరు. ఇయ్యాల గూడ బెల్లంల పెట్టుకునే మింగిన." చెయ్యి పట్టుకొని నన్ను వెనుక అర్రకు గుంజుకపోయింది. అక్కడ పెద్ద టబ్బుల పెండ్లికొడుకు తోక మొత్తం ఇప్పుకొని దర్జాగ తిరుగుతున్నడు!

"పొద్దుగాల చూసిన" అన్నది పెద్దమ్మ. "మాటిమాటికి పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నడు. పాపం, వీనికి గూడ నా లెక్కనే దమ్మున్నది. గా ఇరుకు సీసల సచ్చిపోతడని, బిందెల నిన్నటి నీళ్ళు పోసి గిండ్ల ఏసిన. రెండు గింజలు నేను మింగి, ఒకటి వానికి పెట్టిన."

ఫోన్‌ల సరిత ఏడ్సుకుంటనే నవ్వుతున్నది. "గీ జాతి చేపలు అట్లనే పైకొచ్చి గాలి తీసుకుంటయి అత్తమ్మా, దమ్ము కాదు. కానీ సీస ఇరుకని నువ్వు చెప్పిందాక నాకే తెల్వలే." తర్వాత నా దిక్కు తిరిగింది. "ఆమె తన మందుల వానికి వాటా ఇచ్చింది. నువ్వు పూరేక చూపెట్టినవ్."

కాల్ అయినంక డబ్బా మీద చదివిన. గింజలల్ల రొయ్యల పొడి ఉన్నదట! పెద్దమ్మకు చెప్పలే. మీరు గూడ చెప్పొద్దు, మీకు దండం పెడ్త.

సరిత ఇంకో నాలుగు దినాలు మానుకోటల్నే ఉంటదట. ఇల్లు పెద్దమ్మ చేతుల పెట్టింది. ఇయ్యాల పొద్దుగాల ఫోన్‌ల అప్పజెప్తుంటే నా చెవిన పడ్డది. "అత్తమ్మా, చేపకు మూడు గింజలు, నీ కొడుక్కు మూడు పూటలు. చేప నోరు తెరిస్తే గాలికే, భయపడకు. నీ కొడుకు నోరు తెరిస్తే మాత్రం, నమ్మేముందు ఒకసారి పోయి టబ్బు చూసి రా."