ఇమాముద్దీన్ ట్రయల్‌కు పోయిండు

తాండూరు మెకానిక్కు ఇమాముద్దీన్ మొట్టమొదటి గెలుపు 1969ల, టయోటా బండి నీళ్ళపంపుకు ఎద్దు మెడపట్టె తోలుతోని వాసరు చేసి ఎక్కించుడు. కాని తాండూరోళ్ళకు యాదికున్నది ఆ వాసరు గాదు. వాసరు ఎక్కించినంక ఆయన చేసిన పని. చేతులు తుడుసుకున్నడు, స్టీరింగ్ ముందట కూసున్నడు, "సావుకారీ, జర ట్రయల్ చూసొస్త" అన్నడు. పొద్దుగాల పోయిన మనిషి దీపాలు పెట్టే యాళ్ళకు వచ్చిండు. అదీ ఆయన గుణం. ఎంత చిన్న రిపేరైనా ట్రయల్ చూడనిదే బండి ఇయ్యడు. ట్రయల్ అంటే బజారు చివరిదాక పోయి మళ్ళుడు కాదు. తాండూరు నుంచి పెద్దేముల్ మీదుగ పోయి, వికారాబాద్ కాడ అనంతగిరి గుట్ట ఎక్కి దిగుడు.

ఆ బండి జంగప్ప సావుకారిది. నాపరాయి గనుల జంగప్ప అంటే ఇటు తాండూరుల, అటు కన్నడం మాట్లాడే ఊర్లల్ల గూడ తెల్వనోళ్ళు లేరు. బొంబాయిల ఎవరో విదేశీ దొర దేశం ఇడిసిపోతూ అమ్ముకుంటే కొనుక్కొచ్చిండు. వెనుక తలుపు తెరిస్తే మంచమంత జాగ. చుట్టుపక్కల అసొంటి బండి ఇంకోటి లేదు. లేనందుకే జంగప్పకు అంత గర్వం. లేనందుకే దానికి సామాను గూడ దొరకకపాయె.

హైదరాబాద్ మెకానిక్కులు బానెట్ లేపి, లోపలికి చూసి, పీనుగ మీద బట్ట కప్పినట్టు మెల్లగ మూసేటోళ్ళు. ఇమాముద్దీన్ మాత్రం మూయలే. మోచిపని చేసే ఈరయ్యను పిలిచి, ఎద్దు మెడపట్టె కోయించి, ఆముదంల నానబెట్టి, ఆ వాసరు తయారు చేపిచ్చిండు. అది ఆరేండ్లు నీళ్ళు కారనియ్యలే. జపానోడు చేసింది రెండేండ్లకే పోయింది, మా ఈరయ్య కుట్టింది ఆరేండ్లు ఉన్నది. తాండూరు అంటే కందిపప్పు, నాపరాయి అని చెప్పేటోళ్ళు ఈ ముచ్చట గూడ చెప్పాలె.

ఇంకా ఉన్నయి. కార్బరేటర్ల తేలే ఇత్తడి బుడ్డకు చిల్లి పడితే, ముక్కుపుడక అతికే కంసాలితోని అతికిచ్చిండు. ఇంజను కింద రబ్బరు అరిగితే లారీ టైరు కోసి పెట్టిండు. పూడూరుల ఒక దొర డట్సన్ బండి గోడ పక్కన నిలబడి కోళ్ళగూడు అయితే, కోళ్ళను బతిలాడి బయటికి తెచ్చి, దాన్ని గూడ నడిపిచ్చిండు. ట్రయల్‌ల ఒక గుడ్డు సీటు కింది నుంచి దొర్లుకుంట వచ్చిందట. పగలలేదట. బండి ఎంత మెత్తగ నడిచిందో దానికి ఆ గుడ్డే సాక్ష్యమని పూడూరుల ఇప్పటికీ చెప్పుకుంటరు.

ఇట్ల చేసినా దొరకని సామాను కోసం బొంబాయి పోయేటోడు. చెడిపోయిన సామాను తువ్వాలల చుట్టుకొని రైలెక్కేటోడు. దుకాణపోడు ఏ మాడల్, ఏ సంవత్సరం అని అడిగితే తువ్వాల ఇప్పి, "దీని తోడబుట్టినోడు కావాలె" అనేటోడు. ఒకపారి హారన్ కొని, అక్కడనే బ్యాటరీకి పెట్టి, బజారు ఆ చివర నుంచి ఈ చివర దాక మోగిచ్చుకుంట నడిచిండట. ట్రయల్.

ఈ ట్రయల్ పిచ్చి బండ్లతోని ఆగలే. పెండ్లాం హాజిరాబీ కుట్టుమిషన్ బాగుచేస్తే, గల్లీల ఉన్న దిండ్లన్నిటికి గలీబులు కుట్టినంకనే ఆమెకు ఇచ్చిండు. జంగప్ప గొడుగుకు పుల్ల ఎక్కించి, వాన కోసం నాలుగు దినాలు దగ్గర పెట్టుకున్నడు. ఆ నాలుగు దినాలల్ల వాన పడ్డది, జంగప్ప తడిసిండు, గొడుగు మాత్రం పాసయింది.

బండిల సిగరెట్ బూడిద పోసే డబ్బ మూత ఊడినప్పుడు మాత్రం జంగప్పకు ఓపిక తెగింది.

"మూతకు గుట్ట ఎందుకు ఇమాం?"

"ఊడితే గుట్ట మీదనే ఊడుతది సావుకారీ. చదును మీద ఎవడైనా మంచిగనే ఉంటడు."

జంగప్ప తాళంచెవి ఇచ్చిండు.

జంగప్ప ఇంకోటి గూడ గమనించిండు. ఈ బండికి రోగం ఎప్పుడొచ్చినా బుధవారం రాత్రికే వస్తది. బుధవారం సాయంత్రం ఇమాముద్దీన్ వచ్చి బండి కడుగుతడు. బేస్తారం పొద్దున తాళం తిప్పితే చప్పుడుండది. ఇమాముద్దీన్‌కు కబురు పంపితే, ఆయన అంతకుముందే గేటు కాడ నిలబడి ఉంటడు. బానెట్ లేపి, తల లోపల పెట్టి, రెండుపార్లు "తోబ తోబ" అని, స్టార్టు చేసి, ట్రయల్‌కు పోతడు. వారానికోపారి జరం వచ్చే బండిని జంగప్ప ఎక్కడ చూడలే.

తిరిగొచ్చిన బండిల ఏదో ఒకటి దొరికేది. ఒకనాడు బత్తాయి తొక్కలు. ఒకనాడు గొంగడి పోగులు. ఒకపారి గాజు ముక్క. ఎప్పుడూ ఏదో మందు వాసన. ఇమాముద్దీన్ బండిని కిరాయికి తిప్పుకుంట సర్వీసు కొడుతుండని జంగప్ప అనుమానం. ఇన్నేండ్ల నమ్మకం ఏమైతదో అని అడగలేకపోయిండు.

ఇట్ల పదేండ్లు గడిచినయి. 1979 జులైల వైపరు కాడ లోపలి కడ్డీల గుత్తి ఇరిగింది. అదే వైపర్లను రెండు దిక్కులకు ఊపేది. ఇమాముద్దీన్ బామ్మర్ది జమాల్ దుబాయిల ఉంటడు, అక్కడ టయోటాలు ఈగల లెక్క తిరుగుతయి. కబురు పోయింది, ఊరికొచ్చేటోని పెట్టెల గుత్తి వచ్చింది. పచ్చ కాయితంల చుట్టి, అత్తరు వాసనతోని, కొత్త పెండ్లికొడుకు లెక్క వచ్చింది. ఇమాముద్దీన్ బిగిచ్చిండు. వాన పడ్డది. వైపరు తిప్పిండు.

ఎడమ సీటు ముందట అద్దం తళతళ మెరుస్తున్నది. కుడి దిక్కు డ్రైవరు ముందట మాత్రం ఒక్క గీత గూడ తుడవలే. జంగప్ప వాన దిక్కు చూసిండు, ఇమాముద్దీన్ దిక్కు చూసిండు.

"దుబాయిల డ్రైవరు ఎడమకు కూసుంటడు సావుకారీ. సామాను అట్లనే వచ్చింది."

"మనం దుబాయిల ఉన్నమా?"

"వాన పడ్డప్పుడు మాత్రం ఉన్నట్టే."

జంగప్ప ఆ దినమే నిర్ణయం చేసుకున్నడు. బండి అమ్మేస్త అన్నడు. గుల్బర్గా సేటు ఒకాయన ఎప్పటి నుంచో అడుగుతున్నడు, శుక్రవారం వచ్చి చూసుకొని తీసుకపొమ్మని కబురు పంపిండు. ఈ మాట ఇంటే ఇమాముద్దీన్ ఏదో ఒక జోకు ఏస్తడనుకున్నడు. ఇమాముద్దీన్ మాత్రం తువ్వాల మడత పెట్టి, మల్ల ఇప్పి, మల్ల మడత పెట్టిండు. "ఒక్క బేస్తారం ఉన్నది గద సావుకారీ, ఆఖరి ట్రయల్ చూస్త" అన్నడు.

అదే సాయంత్రం హాజిరాబీ జంగప్ప ఇంటికి వచ్చింది. అమ్మేటి ముందట ఒక పుణ్యం కట్టుకోమన్నది. పదేండ్ల సంది మొగడు ప్రతి బేస్తారం గుట్టకు పోతుండు, నడుమ ఇంట్ల బత్తాయిలు మాయమైతున్నయి, తన పాత గొంగడి గూడ పోయింది. గుట్ట మీద ఇంకో సంసారం ఉన్నదేమోనని ఆమె బాధ. "మీరు పెద్దమనుషులు, ఒక్కపారి ఎంబడి పోయి చూసి రాన్రి అన్నా" అన్నది. జంగప్పకు గూడ అదే కావాలె.

బేస్తారం పొద్దున జంగప్ప వచ్చి ఎడమ సీట్ల కూసున్నడు. వాన పడుతుంది కాబట్టి కలిసి వస్త అన్నడు. ఇమాముద్దీన్ మొఖం చిన్నగయింది. మల్ల ఏదో తోచినట్టు, "అయితే తొవ్వ మీరే చూడాలె, మీ ముందటి అద్దమే మంచిగున్నది" అన్నడు.

నాపరాయి గనులు నడిపిన జంగప్ప ఆ దినం బండికి కండ్లు అయిండు. ఎడమకు ఎద్దు, కుడికి గుంత, ముందట పటేల్ సైకిలు, పటేల్ పడ్డడు, లేచిండు, పోనియ్. గొంతు పోయే దాక చెప్పిండు. ఇమాముద్దీన్ ఆ మాటలు నమ్మి, ఏం కనపడని అద్దం దిక్కు నవ్వుకుంట నడిపిండు.

పెద్దేముల్ కాడ బండి దానంతట అదే ఆగినట్టు ఆగింది. గోనెసంచి కొంగు లెక్క కప్పుకొని ఒక ముసలామె, ఆమె ఎనుక ఆరేడుగురు నిలబడి ఉన్నరు. అందరి చేతుల్ల మూటలు. ఒకాయన ఆగకుంట దగ్గుతున్నడు. ముసలామె బీరమ్మ. ఆమె కిటికీల నుంచి జంగప్పను కిందికి మీదికి చూసింది.

"ఇమామా, కిలీనర్‌ను పెట్టుకున్నవా? మంచిగ చేసినవ్. ఏం నాయినా, కూసున్నవేంది, దిగి తలుపు తియ్."

జంగప్ప నోరు తెరిచిండు. ఇమాముద్దీన్ రోడ్డు దిక్కు చూసిండు. సావుకారి దిగిండు, వానల తడుసుకుంట ఎనుక తలుపు తీసిండు, మూటలు అందిచ్చిండు. మూట తిరగేసి పట్టుకున్నడని బీరమ్మ రెండు తిట్లు గూడ పెట్టింది. కిష్టప్ప అనే బక్కాయన్ను రెండు చేతుల మీద ఎత్తి కూసోపెట్టిండు. జంగప్ప ఆయన్ను పిట్ట కన్న తేలికగ ఉన్నడనుకున్నడు.

బండి కదిలినంక బీరమ్మ కొత్త కిలీనర్‌కు పని నేర్పింది. వీళ్ళంత గుట్ట మీది దవాఖానకు పోయే దగ్గుజబ్బు మనుషులు. దగ్గేటోళ్ళను బస్సుల తోటి జనం ఎక్కనియ్యరు, ఎక్కినా దిగిపొమ్మంటరు. గుట్ట నడిచి ఎక్కుదామంటే ఊపిరుండది. పదేండ్ల కింద తనే సగం గుట్ట కాడ కూలబడితే, ట్రయల్‌కు వచ్చిన ఈ ఇమాం ఎత్తుకపోయిండు. తన జబ్బు ఎన్నడో పోయింది. ఇప్పుడు ఊరూరికి పోయి జబ్బోళ్ళను తయారు చేసి తెచ్చుడే ఆమె పని.

"అంతా ఆ జంగప్ప దయ నాయినా" అన్నది బీరమ్మ.

జంగప్ప ఉలిక్కిపడి ఎనుకకు తిరిగిండు. "ఏ జంగప్ప?"

"బండి ఆయనదే గద. తాండూరు సావుకారి. ప్రతి బేస్తారం బండి ఆయనే పంపుతడట. పేరు చెప్పొద్దన్నడట, మా ఇమాంకు కడుపుల మాట ఆగక చెప్పిండు. మేము ఆయన్ను చూడలే. పొద్దున లేస్తే ఆయన పేరు మీదనే దండం పెడతం. నువ్వు గూడ పెట్టు, నీకు మంచిగయితది. తొవ్వ చూడు, తొవ్వ చూడు, బర్రె."

జంగప్ప ఇంకా ఎనుకకే చూస్తున్నడు. బర్రెనే పక్కకు జరిగింది.

గుట్ట మీద అందర్ని దించినంక ఇద్దరు బండి పక్కన నిలబడ్డరు. ఇమాముద్దీన్ తువ్వాల పిండుకుంట ఉన్నడు. నాకెందుకు చెప్పలేదని జంగప్ప అడిగిండు.

"చెప్తే మీరు ఇస్తరు సావుకారీ. ఎరుకే నాకు. మల్ల బేస్తారం మల్ల అడగాలె. ఏడాదికి యాభై పార్లు అడుగుడు నాతోని గాదు. నాకు రిపేరు చేసుడొస్తది."

"మరి ప్రతి బుధవారం బండికి జరం?"

"ఒక వైరు పీకుతుంటి. పొద్దున మల్ల పెడుతుంటి. జపాన్ బండి ఎన్నడు చెడిపోతది సావుకారీ. ఇదే పదేండ్లల్ల నాలుగైదుపార్లు చెడిపోయిందేమో."

జంగప్పకు కోపం రావాలె. వచ్చింది గూడ. కాని అది నవ్వు లెక్క బయటికొచ్చింది. ఆగలే. గుట్ట మీది కోతులు గూడ చెట్టు దిగి చూసినయి.

శుక్రవారం గుల్బర్గా సేటు వచ్చిండు. బండి చుట్టు తిరిగిండు, టైరు తన్నిండు, ఎప్పుడు తీసుకపోవాలె అన్నడు. బండి ట్రయల్‌ల ఉన్నదని జంగప్ప కన్నడంల చెప్పిండు. ట్రయల్ ఎన్నడైపోతదని సేటు అడిగితే, పదేండ్ల సంది నడుస్తున్నది, ఇంకా గుట్ట ఎక్కుడే పూర్తి కాలేదన్నడు. సేటు చాయ తాగి పోయిండు.

హాజిరాబీ గూడ వచ్చింది. ఇంకో సంసారం సంగతి నిజమేనా అని అడిగింది.

"నిజమే చెల్లే" అన్నడు జంగప్ప. "ఆమె పేరు బీరమ్మ. డెబ్బై ఏండ్లు. నన్ను గూడ తిడతది."

హాజిరాబీ ఇల్లు చేరే దాక నవ్వి, మర్నాడు ఇంట్ల ఉన్న ఇంకో గొంగడి తెచ్చి బండిల పడేసింది.

వానకాలం ఇంకా మిగిలే ఉన్నది. అసొంటి అద్దంతోని అంతమందిని గుట్ట ఎక్కించుడు మంచిది గాదని జంగప్ప ఇమాముద్దీన్‌ను బొంబాయి పంపిండు. కుడికి స్టీరింగ్ ఉన్న బండి వైపరు గుత్తే తేవాలె, దుకాణంల నీళ్ళు పోయిచ్చి ట్రయల్ చూసి మరీ తేవాలె అన్నడు. జీవితంల మొదటిపారి ఇంకొకని నోటి నుంచి ఆ మాట ఇని, ఇమాముద్దీన్ రైలెక్కిండు.

అయితే నడుమ ఒక బేస్తారం వచ్చింది. గని దాక చదును తొవ్వ మీదనే నడిపే జంగప్ప, గుండె గట్టిగ పట్టుకొని, తనే స్టీరింగ్ ముందట కూసున్నడు. పెద్దేముల్‌ల వాన జోరుగుంది. బీరమ్మ వచ్చి కిటికీల తల పెట్టింది, కుడి సీట్ల కిలీనర్‌ను చూసి అనుమానంగ మొఖం పెట్టింది. నడుపనొస్తదా అని అడిగింది. జర జర వస్తదన్నడు జంగప్ప. ఆమె పోయి ఎడమ సీట్ల, తుడిచిన అద్దం ఎనుక కూసున్నది, తొవ్వ నేను చెప్తగని పోనియ్ అన్నది. బండి కదిలినంక అడిగింది.

"ఇంతకూ మా ఇమాం ఎప్పుడొస్తడు నాయినా?"

"బొంబాయి పోయిండమ్మా" అన్నడు కిలీనర్. "వచ్చే బుధవారం దిగుతడు. ఆగస్టు ఎనిమిది."