మొదటికెళ్లి చెప్పిన చట్నీ

నిర్మలమ్మకు ఇంగ్లీషులో వచ్చింది ఒక్కటే మాట. యస్. ఆ మాటంటేనే ఆమెకు వణుకు.

కొన్నేళ్ల కిందట ఆమె పెనిమిటి సంగయ్య చేవెళ్లలో క్యారెట్ మడికి నీళ్లు పెడుతూ గుండె పట్టుకుని గట్టుమీద కూలబడ్డాడు. పట్నం వైపు ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. లోపలి నుంచి ఆకుపచ్చ బట్టల డాక్టరు వచ్చి, ఆమెను ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. అంత చదువుకున్న మనిషితో రెండోసారి అడిగించుకోవడం మర్యాద కాదనుకుని “యస్ సార్” అంది. ఆయన కనుబొమలు ముడిచి మళ్లీ అడిగాడు. “యస్ సార్, యస్” అంది. ఆయన లోపలికి పోయాడు. సంగయ్య మాత్రం నడిచి బయటికి రాలేదు.

ఆ మాట వల్లనే పోయాడని ఎవరూ అనలేదు. అసలు ఆ మాట సంగతి ఎవరికీ తెలియదు. కూతురు నవతకు కూడా చెప్పలేదు. తను దేనికి ఒప్పుకుందో, ఏది కాదనాల్సిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అన్నంలో రాయి తగిలినట్టు ఆ ప్రశ్న ఎప్పుడంటే అప్పుడు తగిలేది.

నవత మొయినాబాద్‌లో ఇంజినీరింగులో చేరిన ఏడు, నిర్మలమ్మ కూడా అక్కడే ఒక పెద్ద బడిలో పనికి కుదిరింది. పిల్లలకు వడ్డించే పని. మొదటిరోజే మేనేజరు శశిధర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు.

“చేతికి ఎర్రపట్టీ ఉన్న పిల్లలకు పల్లీలు పడయి. ఒక్క పలుకు లోపలికి పోయినా గొంతు వాస్తది, ఊపిరాడది. యాదుంచుకోండ్రి.”

ఆ వారంలోనే ఎర్రపట్టీ ఉన్న ఆద్య అనే పిల్ల ప్లేటు పట్టుకుని ఎదురుగా నిలబడింది. తెలుగువాళ్ల పిల్లే గానీ బెంగళూరులో పెరిగింది, తెలుగు రాదు. కూర వైపు చూపించి ఏదో అడిగింది. నిర్మలమ్మ తడబడి, “యస్, యస్” అని వడ్డించింది. పిల్ల తిని వెళ్లిపోయింది.

పక్కనే ఉన్న శశిధర్ తరువాత అన్నాడు. “దాంట్ల పల్లీలు లేవు గదా అని అడిగింది. నయం, లేవు.”

ఆయన ఇంకేం చెప్పాడో ఆమె చెవికెక్కలేదు. సామాన్ల గదిలోకి పోయి బియ్యం బస్తా మీద కూర్చుంది.

సాయంత్రం ఇంటికి రాగానే నవతను పట్టుకుంది. “నాకు జర ఇంగ్లీషు నేర్పియ్యి బిడ్డా.”

“ఇప్పుడా? ఎందుకమ్మా?”

“అడగకు. నేర్పియ్యి.”

నవత ఆలోచించింది. “నీకు భయం లేని ముచ్చట ఒక్కటే ఉన్నది, వంట. దాని కాడికెళ్లే మొదలువెడదాం. అయితే ఒక్క మాట అని ఊకోవద్దు. మొదటికెళ్లి చెప్పాలె. ముందు ఏం చేసినవ్, ఎన్క ఏం చేసినవ్, అట్ల.”

మరునాటి నుంచి చేవెళ్ల బస్సే వాళ్ల బడి అయింది. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు తీసుకుని కూర్చోగానే నవత అడిగేది. “వాట్ డిడ్ యూ కుక్ టుడే?”

“ఫస్ట్, దాల్ వాష్. నెక్స్ట్, చింతచిగురు...”

వెనక సీట్లో కొత్తిమీర మూటతో కూర్చున్న జంగయ్య పకపకా నవ్వేవాడు. “ఏంది చెల్లె, మీ ఇంట్ల పప్పు గూడ ఇంగ్లీషులనే ఉడుకుతున్నదా?”

“నీకేమాయెనే అన్నా? నీ కొత్తిమీర వాడిపోతున్నది, దాన్ని జూస్కో.”

“నాక్కూడ నేర్పియ్యి బిడ్డా నవతా! మెహదీపట్నంల కట్టకింత ఎక్కువ అడుగుత.”

బస్సంతా నవ్వేది. నిర్మలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అయినా మాటలు ఒక్కొక్కటే అతుక్కున్నాయి. కట్, ఫ్రైడ్, మిక్స్‌డ్, బ్రోక్. పచ్చిపులుసు, సొరకాయ కూర, గుడాలు అన్నీ మొదటినుంచీ చివరిదాకా చెప్పగలిగింది.

అక్కడే కొత్త భయం పట్టుకుంది. బడిలో టీచర్లు మాట్లాడుకుంటుంటే ఒకటీ అరా మాటలు తెలుస్తున్నాయి. ఇట్లా తెలుస్తూ పోతే, ఆనాటి డాక్టరు అడిగిన మాట కూడా ఒకరోజు తెలిసిపోతుందా? తెలిస్తే ఎలా బతకాలి? తలనొప్పి అని చెప్పి కొన్నాళ్లు బస్సులో కళ్లు మూసుకుంది. కానీ కళ్లు మూస్తే ఎర్రపట్టీ కనిపించేది. మళ్లీ తనే మొదలుపెట్టింది. “ఫస్ట్, ఆనియన్...”

ఆరోజు టిఫిను ఇడ్లీ. గోడమీది బోర్డు మీద కొబ్బరి చట్నీ అని రాసి ఉంది. ఆద్య వరుసలో వచ్చి, ఇడ్లీల ప్లేటు చాచి గబగబా ఏదో అడిగింది. నిర్మలమ్మ గరిటె అప్పటికే చట్నీలో మునిగి ఉంది. ‘య’ దాకా నాలుక మీదికి వచ్చింది. ఆకుపచ్చ బట్టలు కళ్ల ముందు కదిలాయి. నాలుక అక్కడే ఆగిపోయింది. భయంలో ఇంకే మాటా తోచలేదు. బస్సులో నేర్చుకున్నదొక్కటే తోసుకొచ్చింది.

“ఫస్ట్,” అంది. “ఫస్ట్, కోకోనట్. బ్రోక్.”

ఆద్య వింతగా చూసింది. “ఆంటీ?”

“కోకోనట్ లిటిల్. నెక్స్ట్, గ్రీన్ చిల్లీ. ఫ్రైడ్.”

వెనక పిల్లలు తోసుకుంటున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అవతలి నుంచి శశిధర్ అరిచాడు. “ఏందమ్మా, లైన్ ఆగింది! ముందు వడ్డియ్యి, ముచ్చట్లు తర్వాత!”

చెమట కంట్లోకి దిగుతున్నా ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ ఆ ఒక్క మాటే వస్తుందని భయం.

“నెక్స్ట్...”

పొద్దున పొయ్యి దగ్గర ఎట్లుందో గుర్తు చేసుకుంది. కొబ్బరి చాలలేదని కొత్త వంటవాడు సాముయేలు గొణుగుతున్నాడు. మూకుడు ఆమె ముందుకు జరిపి, “అక్కా, మాడకుండ జర కలుపు” అన్నాడు. కలిపింది తనే. తన చెయ్యే.

“నెక్స్ట్, పీనట్స్,” అంది. “ఐ ఫ్రైడ్.”

గరిటె జారి గిన్నెలో పడింది. ఆద్య గభాలున వెనక్కి జరిగి ప్లేటు తన వైపు లాక్కుంది. మొహం పాలిపోయింది. ప్లేటులోని ఇడ్లీలు చూపించి మళ్లీ ఏదో అడిగింది. నిర్మలమ్మకు అందలేదు.

“అగైన్,” అంది. “స్లోలీ.”

ఆ మాట అడగడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది. పిల్ల నెమ్మదిగా మళ్లీ అడిగింది. ఇవి తినొచ్చా అని.

“నో. న్యూ ప్లేట్.” లోపలికి పోయి, చేతులు కడుక్కుని, మూత తీయని డబ్బాలోంచి వేరే ఇడ్లీలు తెచ్చి పెట్టింది.

సంగతి తెలిశాక శశిధర్ చట్నీ గిన్నె తనే మోసుకుపోయాడు. సాముయేలు ఆమె దగ్గరికొచ్చి చేతులు నలుపుకున్నాడు. “పల్లీల ముచ్చట నాకు ఎవ్వరు చెప్పలేదక్కా. నా కొలువు పోతదా?”

“కొలువు సంగతి తర్వాత. పిల్ల పానం పోతుండె. కలిపింది నేను గాదా?”

సాయంత్రం బస్సులో నవత ఎప్పటిలాగే అడిగింది. తల్లి కిటికీ వైపు తిరిగింది. వెనక నుంచి జంగయ్య, “ఇయ్యాల పొయ్యి ముట్టలేదా చెల్లె?” అన్నాడు. మొయినాబాద్ దాటాక, అటే చూస్తూ, దవాఖాన ముచ్చట మొదటినుంచీ చెప్పింది. గట్టుమీద సంగయ్య కూలబడడం, ఆకుపచ్చ బట్టలు, రెండుసార్లు అన్న యస్.

నవత మెల్లగా అడిగింది. “ఆయన ఏమడిగిండో ఏమన్న యాదికున్నదా అమ్మా?”

“సప్పుడు యాదున్నది. మాట లేదు. ఆ మాట ఎన్నడు యాదికి రాకుంటే మంచిగుంటది అనుకున్న బిడ్డా.” కిటికీ నుంచి తిరిగి కూతురిని చూసింది. “వస్తే రానీ. ఆ భయానికి మళ్లీ యస్ అనలేను.”

తెల్లారి బడిలో సాంబారు మరుగుతోంది. ఆమె పొయ్యి పక్కకు పోయి నిలబడింది.

“సాముయేలూ, ముందు ఏమేసినవ్? మొదటికెళ్లి చెప్పు.”