నల్ల పగడపు కొమ్మ మీద బుడిపె

మా అక్క బాపట్లలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. బావ పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నేను తెనాలిలో ఉంటాను. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ నాకు ఆదివారం అనేది లేదు. ఉద్యోగం అయిపోయాక వారం వారం రైలెక్కి అక్క దగ్గరికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. చర్చి నుంచి వచ్చి భోజనం, ఆ తర్వాత వెనక గదిలో మైక్రోస్కోపు ముందు పని. ఆ పని ఒక కొత్త ప్రాణిని వర్ణించడం.

శాస్త్రంలో ఇంతవరకూ పేరు లేని ప్రాణికి పేరు పెట్టి, దాని దగ్గరి చుట్టాల నుంచి దాన్ని వేరుగా గుర్తుపట్టేలా రాయడాన్ని వర్ణన అంటారు. అక్కకు దొరికింది గోరంత గుల్ల. పడవల అడుగున, వంతెన స్తంభాల మీద తెల్లటి పొక్కుల్లా పట్టే గుల్లలకు ఇది బంధువు. పైకి ఆల్చిప్పలా కనబడ్డా లోపల రొయ్యల వంశం. పసితనంలో ఈదుతూ తిరుగుతుంది. ఒక చోటు నచ్చాక తలతో అక్కడే అతుక్కుపోయి, బతికినన్నాళ్ళూ కాళ్ళు ఆడించి తిండి లాక్కుంటుంది.

ఇది అతుక్కునే చోటు నల్ల పగడం. లోతు నీళ్ళలో చెట్టు కొమ్మల్లా పెరిగే పగడం అది. లోపలి ఎముక నల్లగా, సన్నటి ముళ్ళతో ఉంటుంది. తన మీద వాలిన గుల్లను ఆ పగడం వదిలించుకోదు. తన చర్మాన్నే దాని మీదికి పెంచి కప్పేస్తుంది. చూసేవాళ్ళకు కొమ్మ మీద బుడిపె ఉన్నట్టుంటుందే గాని అక్కడ ఇంకో ప్రాణి ఉందని తెలియదు.

ఆ పగడాన్ని పట్టడం, అమ్మడం నేరం. అక్క అటవీశాఖ అనుమతి తీసుకుని, వలలో విరిగి వచ్చిన ముక్కలేమైనా ఉంటే కబురు చేయమని నిజాంపట్నంలో ఒక మరబోటు యజమానికి చెప్పి పెట్టింది. అలా వచ్చిన ముక్క మీద రెండు బుడిపెలు దొరికాయి.

మొదటి గుల్లను కోసేనాటికే ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. కాళ్ళు జతలు జతలుగా విడదీసి బొమ్మలు గీసింది. నోటి దగ్గరికి వచ్చేసరికి సూది జారింది, దవడలు నలిగిపోయాయి. ఈ గుల్లల్లో ఒకదాన్ని ఇంకోదాని నుంచి వేరు చేసేవి దవడల మీది పళ్ళే. అవి చూపకపోతే వర్ణన లేదు. చేతి వణుకు తగ్గేది కాదనీ, మందుతో కొన్నాళ్ళు నెమ్మదిస్తుందనీ డాక్టరు చెప్పాడు. మిగిలింది ఒక్క గుల్ల. అది కూడా చెడితే కొత్త పేరుకు ఆనవాలుగా మ్యూజియంలో ఉంచడానికి సరైనది ఒక్కటీ ఉండదు.

"ఈ పని తెలిసిన నీ పాత విద్యార్థులెవరికైనా పంపొచ్చుగా" అన్నాను ఒక ఆదివారం.

"పంపొచ్చు. బాగా చేస్తారు కూడా" అంది అక్క. "ఉద్యోగమంతా పిల్లలకి బొద్దింకని కోసి చూపించాన్రా. అందులో ఏముంటుందో పుస్తకంలో ముందే ఉంది. ఇది ఎవరూ చూడలేదు. ఈ ఒక్కటీ నేను చూసి చెప్పాలి."

ఆమె చెబుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. పత్రికలో ముఖ్యమైనది ముందు పెట్టి, చోటు చాలకపోతే కింద నుంచి కోసేస్తాం. ఇక్కడ కోయడానికి వీల్లేదు. ఉన్నదెంత వివరంగా రాయాలో, లేనిది లేదని కూడా అంత వివరంగా రాయాలి. ఫలానా చోట ముల్లు లేదు, ఫలానా చోట వెంట్రుక లేదు. మొదట్లో విసుగొచ్చేది. తర్వాత ఆ పద్ధతి మీద గౌరవం కలిగింది.

ఇంకో కొమ్మ వచ్చిందని బోటు యజమాని ఫోన్ చేశాడు. నేను తెనాలి నుంచి రైల్లో, అక్క బాపట్ల నుంచి బస్సులో రేపల్లె చేరుకుని, అక్కడి నుంచి కలిసి నిజాంపట్నం వెళ్ళాం. దారిపొడుగునా అక్క మాటలాడుతూనే ఉంది. కొమ్మ పెద్దదైతే బుడిపెలు చాలా ఉండొచ్చనీ, ఒకటి చెడినా భయం లేదనీ. అంత హుషారుగా ఆమెను చూసి చాలా కాలమైంది.

బోటు యజమాని భార్య మాకు కుర్చీలు వేసి, లోపలి నుంచి కొమ్మ తెచ్చి అక్క చేతిలో పెట్టింది. నల్లగా నిగనిగలాడుతోంది. బుడిపె అన్నది లేదు.

"పైతోలు కింద ఎంత గుల్ల ఉందనుకున్నారండీ!" అందామె. "ఇంటికొచ్చిన మనుషుల చేతికి ఆ మురికి కొమ్మ ఎట్టా ఇస్తామండీ? చెంచాతో గీకి, కడిగి, కొబ్బరినూనె రాశాను."

అక్క కొమ్మను తిప్పి చూసింది. "ఆ గీకిందంతా ఏం చేశావమ్మా?"

"కోళ్ళకేశానండి. గుడ్డు పెంకు గట్టిపడుద్దని."

ఆమె భర్త నెత్తి కొట్టుకున్నాడు. "ఓసి నీ తెలివి తగలెయ్య! మేడంగారు వచ్చిందే ఆ గుల్ల కోసమే!"

"నాకు చెప్పావా? కొమ్మ జాగర్త అన్నావంతే. బోటుకి గుల్ల పడితే ఒడ్డుకి లాగించి, మనుషుల్ని పెట్టి మరీ గీకిస్తావు. కొమ్మకి పట్టిన గుల్ల మట్టుకు దాచాలని నాకేమన్నా కలొచ్చిందా?"

"మీ కోడి తిన్నదేంటో ఎంత పెద్ద ప్రొఫెసరుకీ తెలీదమ్మా" అంది అక్క, నవ్వుతూ. ఆ ఇల్లాలికి ఇంకా అర్థం కాలేదు గాని తప్పు జరిగిందని తెలిసిపోయింది. "చెడగొట్టానాండీ?" అని అడిగింది చిన్న గొంతుతో. "లేదమ్మా. ముళ్ళు బాగానే ఉన్నాయి. ఇది ఏ పగడమో చెప్పడానికి ఇవి కావాలి" అని అక్క ఆ కొమ్మను సంచిలో పెట్టుకుంది. వాళ్ళు పెట్టిన చేపల పులుసుతో భోంచేసి బయలుదేరాం.

తిరుగు బస్సులో అక్క ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రేపల్లె బస్టాండులో టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగింది. అయినా కొంచెం చీర మీద ఒలికింది. తుడుచుకోలేదు.

"వచ్చే ఆదివారం ఉన్నదాన్నే కోస్తాను" అంది. "ఆగేకొద్దీ నా చెయ్యి బాగుపడేది కాదుగా."

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే మందు వేసుకుంది. అది పనిచేసే వేళ దాకా ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. మా ఇంట్లో ఏ పనైనా ప్రార్థనతో మొదలవుతుంది. అక్క కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీవు చేసినదాన్ని పాడుచేయకుండా చూడనివ్వు" అంది. అంతకంటే ఏమీ అడగలేదు.

"నా మణికట్టు పట్టుకో. గట్టిగా కాదురా, బల్లకి ఆనించి ఉంచు చాలు."

పట్టుకున్నాను. చర్మం కింద వణుకు ఆగి ఆగి తెలుస్తోంది. ఆమె సూదితో పగడం చర్మాన్ని ఒలిచింది, గుల్ల తెరిచింది. నాకు ఏమీ కనబడటం లేదు. ఆమె ఊపిరి బట్టి మాత్రం ఎక్కడికి వచ్చిందో తెలుస్తోంది. చాలాసేపటికి, "ఎడమ దవడ వచ్చింది" అంది. దాన్ని గాజుపలక మీద గ్లిజరిన్ చుక్కలో పెట్టింది. మళ్ళీ వంగింది. ఈసారి నా వేళ్ళ కింద చెయ్యి ఒక్కసారి అదిరింది. నేను నొక్కి పట్టేలోపే అయిపోయింది.

"కుడిది రెండు ముక్కలైంది" అంది మెల్లగా.

సూది పక్కన పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఎడమ దవడను పెద్దదిగా చేసి చూసింది. చివరి పన్ను రెండుగా చీలి ఉంది. దీని చుట్టాల్లో దేనికీ ఆ చీలిక లేదట. నన్ను కూడా చూడమంది. వెలుతురులో తేనెరంగు రంపం ముక్కలా కనబడింది. ఆ చీలికను మనుషుల్లో మొదట చూసింది మా అక్క.

ఆ సాయంత్రమే రాయడానికి కూర్చున్నాం. నా పాత అలవాటు కొద్దీ, "ఎడమది ఉందిగా, విరిగినదాని సంగతి ఎందుకక్కా? ఎవరడుగుతారు?" అన్నాను.

"రేపెవరో మ్యూజియంలో దీన్ని ఉంచిన సీసా తెరుస్తారు. విరిగిన దవడ చూసి, దీనికి పుట్టుకతోనే ఇట్టా ఉంటదనుకుంటే? నా చెయ్యి చేసింది దాని మీద పడకూడదు."

"అయితే ఎట్టా రాయను?"

"కోసేటప్పుడు కుడి దవడ విరిగింది అని రాయి."

రాశాను. ఒకసారి పైకి చదవమంది. చదివాను. తల ఊపి, వణుకుతున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, "ఇప్పుడు ఎడమది చెప్తాను, రాసుకో" అంది.