కోడికాలు గుర్తు

వెనియమిన్ ఇంట్లో తుపాకులు నాలుగే. తుపాకి కర్రలు, అంటే గొట్టాన్ని బిగించే చెక్క భాగాలు, మాత్రం ముప్పై ఒకటి. తుపాకికైతే కాగితాలు కావాలి, ఇనప బీరువా కావాలి, అప్పుడప్పుడు మిలీషియా పోలీసు వచ్చి ఆ బీరువా తలుపు లాగి చూసి, టీ తాగి పోవాలి. ఉత్త కర్రకు ఆ గొడవేమీ లేదు. గొట్టం లేని కర్రను చూసి ఏ ప్రభుత్వమూ భయపడదు. అందుకని అవి బాల్కనీ నిండా, మంచం కింద, చివరికి తైసియా దోసకాయల సీసాలు పెట్టుకునే అర వెనక కూడా చేరాయి.

"ఇంట్లో మనుషులం ఇద్దరం. మొద్దులు ముప్పై ఒకటి. నిన్ను కలిపితే ముప్పై రెండు" అనేది తైసియా. ఆమె వెనియమిన్ భార్య. కర్రలు ఇంట్లోకి రావడం మొదలైనప్పటి నుంచీ ఆ మాటలు అంటూనే ఉంది, కర్రల మీద దుమ్ము తుడుస్తూనే ఉంది.

ఇజెవ్‌స్క్‌లో పాత సోవియట్ రైఫిళ్ళు పోగుచేసే పిచ్చివాళ్ళకు కొదవ లేదు. ఊరే తుపాకుల మీద బతికిన ఊరాయె. అందరూ యుద్ధకాలపు 'మూడు గీతల తుపాకి' కోసమే ఎగబడతారు. గొట్టం లోపలి వెడల్పును గీతల్లో కొలిచే పాత లెక్కను బట్టి దానికి ఆ పేరు వచ్చింది. చేతికి రాగానే మొదట ఇనుము చూస్తారు, అంకెలు చూస్తారు, తయారైన ఏడు చూస్తారు. వెనియమిన్ ఒక్కడే ఇనుమును పక్కన పెట్టి కర్రను చూసేవాడు. కర్మాగారంలో కర్రల విభాగంలో నలభై నాలుగేళ్ళు బర్చ్ చెక్కను చెక్కిన చెయ్యి అతనిది. కళ్ళు మూసుకుని తడిమి, ఆ కర్రను కుడిచేతివాటం మనిషి చెక్కాడో ఎడమచేతివాటం మనిషి చెక్కాడో చెప్పేస్తాడని అనేవారు. అందులో సగం కోతలే అయినా మిగతా సగం నిజం.

అతను వెతుకుతున్నది ఒకే ఒక్క కర్ర కోసం. వాళ్ళమ్మ చెక్కిన కర్ర.

ఆమె పేరు ఒగాష్. ఉద్‌మూర్త్ జాతి పల్లెటూరి పిల్ల. పంతొమ్మిది వందల నలభై రెండులో మొగుడు యుద్ధానికి వెళ్ళి ఆచూకీ లేకుండా పోయాడు. రెండేళ్ళ పిల్లవాణ్ణి అత్త దగ్గర వదిలేసి ఆమె పట్నం వచ్చి కర్మాగారంలో చేరింది. యుద్ధం అయిపోయే దాకా చెక్కింది. అయిపోయిన మరుసటి ఏడు, ఊపిరితిత్తుల్లో ఆ కర్రపొట్టుతోనే పోయింది. ఉన్న ఒక్క ఫోటో కర్మాగారం పాసు మీద అతికించి ఉండేది. మనిషి పోతే పాసు తిరిగి ఇచ్చెయ్యాలి. నానమ్మ ఇచ్చేసింది, ఫోటో కోసుకోవచ్చని ఆవిడకు తోచలేదు. అమ్మ మొహం ఎలా ఉండేదో వెనియమిన్‌కు తెలియదు. గుర్తుందని అతను అనుకునేదంతా నానమ్మ నోటి వెంట విన్నదే.

నానమ్మ చెప్పిన వాటిల్లో ఒకటి మాత్రం అతన్ని పట్టుకుని వదల్లేదు. ఆ పల్లెల్లో ప్రతి ఇంటికీ ఒక పుస్ ఉండేది. ఇంటి గుర్తన్నమాట. తేనెతొట్టె మీదా, గొడ్డలి పిడి మీదా, కొట్టిన దుంగ మీదా అదే గీసేవారు, ఎవరి సొత్తో ఊరంతటికీ తెలిసేది. వెనియమిన్ వాళ్ళ ఇంటి గుర్తు కోడికాలు.

"మీ అమ్మ చేసిన కర్రల మీద దొంగచాటుగా గుర్తు పెట్టేదట్రా. మా ఇంటి కోడలు మా కోడికాలు కాక ఇంకేం పెడుతుంది?" అనేది నానమ్మ, గర్వంగా.

తొంభైల్లో సైన్యం గోదాములు ఖాళీ చేస్తున్నప్పుడు పాత రైఫిళ్ళు వేటగాళ్ళ దుకాణాలకు వచ్చాయి, విరిగిన వాటి కర్రలు బండ్ల కొద్దీ పొయ్యిలోకి పోసాగాయి. అప్పుడు మొదలుపెట్టాడు వెనియమిన్. గోదాముల కాపలావాళ్ళకు వోద్కా పోశాడు, సంతల్లో చలికి నిలబడ్డాడు. దొరికిన ప్రతి కర్రనూ దీపం కింద పెట్టి గొట్టం కూర్చునే గాడి లోపల, భుజానికి ఆనే తుపాకి మడమకు కొట్టిన రేకు విప్పి దాని కింద, అంగుళం అంగుళం చూసేవాడు. కోడికాలు ఉండేది కాదు.

లేదని పారేసేవాడా అంటే, అదీ లేదు. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, పాత లక్క గీకి, సొట్టలూ గాట్లూ పోయేదాకా ఉప్పుకాగితం పట్టి, అవిసె నూనె తాగించి, అద్దంలా చేసి గోడకు ఆనించేవాడు. తనలాగే పాత తుపాకులు పోగుచేసే రుస్తెమ్ తల బాదుకునేవాడు.

"ఒరేయ్ వేన్యా, పాత మురికిని ప్రాణంలా చూసుకుంటాడ్రా సేకరించేవాడెవడైనా! నువ్వేంటి, వచ్చినదానికల్లా తలంటు పోస్తావు?"

"గాటు పడ్డ కర్రను విభాగం దాటనిస్తే మా మేస్త్రీ వీపు చీరేసేవాడు. నలభై ఏళ్ళు అలవాటుపడ్డ చెయ్యి, ఇప్పుడు ఊరుకోమంటే ఊరుకుంటుందా?"

"నీ చెయ్యి తగలెయ్యా" అని నవ్వేవాడు రుస్తెమ్.

అలా ఏడెనిమిదేళ్ళు గడిచాయి. ఒక మార్చి నెలలో తైసియా దవాఖానా వరసలో నిలబడి వచ్చి, కోటు కూడా విప్పకుండానే చెప్పింది.

"నా ముందు నిలబడ్డ ముసలావిడ నలభై రెండులో మీ కర్రల విభాగంలోనే చేసిందట. పేరు ఫైనా. మీ అమ్మ పేరు చెప్పాను. 'ఒగాషా? నా పక్క బల్లే!' అంది."

వెనియమిన్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. వాళ్ళమ్మను చూసిన మనిషి ఒకావిడ ఈ ఊళ్ళోనే, చెరువుకు అవతల, ట్రామ్ దిగితే నడిచేంత దూరంలో బతికే ఉంది. ఇన్నాళ్ళూ మొద్దుల్ని అడిగాడు గానీ మనుషుల్ని అడగాలని తోచలేదు. అతనికి ముందు సంతోషం, ఆ వెనకే భయం కలిగాయి.

ఆదివారం పూట తైసియా పెరెపెచీలనే కూరిన చిన్న రొట్టెలు గిన్నెలో పెట్టి గుడ్డ కట్టింది. వెనియమిన్ తన కర్రల్లోకెల్లా మంచిదాన్ని దుప్పట్లో చుట్టుకున్నాడు. ఆవిడకు తన పని చూపించాలని. ట్రామ్‌లో టికెట్లమ్మాయి ఆ మూట వైపు చూసి, "తాతా, దానికీ టికెట్ కొట్టనా?" అంది. వెనియమిన్ నవ్వాడు. ఆ రోజు నవ్వింది అదొక్కసారే.

ఫైనాది ఒంటరి కాపురం, కిటికీలో ఉల్లికాడల డబ్బాలు. తలుపు తీసి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఒగాష్ కొడుకువే. ఆ చెవులు చూస్తే తెలియదూ! మీ అమ్మ చెవులు ఇలాగే రుమాలు తోసుకుని బయటికొచ్చేవి. రా నాయనా, రా, చెప్పులక్కడే విప్పు."

వెనియమిన్ చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది. అమ్మ గురించి అతనికి దొరికిన మొదటి నిజం అదే.

తిన్నారు, తాగారు. ఆవిడ చెప్పింది: పన్నెండు గంటల పని, చేతికి తొడుగుల్లేవు, ఒగాష్ పాడితే విభాగమంతా వంతపాడేది. అంతా విని వెనియమిన్ దుప్పటి విప్పాడు. ఫైనా ఆ కర్రను ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్ల ఒళ్ళు నిమిరినట్టు నిమిరింది.

"ఎంత నున్నగా చేశావురా! మేమెక్కడ చేశాం ఇలాగ? గంటకిన్ని అని తోసెయ్యడమేగా" అంటూ తిరగేసి, మడమకు అడుగున బొటనవేలు పెట్టింది. "ఇదిగో, సరిగ్గా ఇక్కడే గీసేది మీ అమ్మ."

"కోడికాలేనా, ఫైనా పిన్నీ?"

"కోడికాలా? అదెవరిది?"

"మా ఇంటిది. మా నాన్నవాళ్ళది."

ముసలావిడ పకపకా నవ్వింది. "మీ నానమ్మ గుర్తు ఒగాష్ గీస్తుందా! కొడుకు పోయాడని కబురు రాగానే ఆ మహాతల్లి దీన్ని కట్టుబట్టలతో పంపేసింది, పిల్లాణ్ణి కూడా ఇవ్వలేదు. 'అత్తింటి గుర్తు అత్తే పెట్టుకోనీ. ఈ పని నేను చేశాను, దీని మీద మా అయ్య గుర్తే ఉంటుంది' అనేది. రెండు పొడుగు గీతలు, పక్కన ఒక పొట్టి గీత. అంతే. 'మూడు గీతల తుపాకికి మూడు గీతలు' అని మేం ఎగతాళి చేసేవాళ్ళం. చూసేవాడికి చెయ్యి జారి గాటు పడిందనిపించేది. లేకపోతే తనిఖీవాడు ఊరుకుంటాడా? అన్నింటి మీదా కాదులే, మనసుకు నచ్చిన ఏ పదింటికో ఒకటి."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. తైసియా వెనియమిన్ మొహం వైపు చూసింది. అతనికి గుర్తొచ్చేసింది. మడమ అడుగున రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఎవడో కుర్ర సిపాయి మేకుతో గీశాడనుకుని, 'మంచి కర్రను పాడుచేశాడు వెధవ' అని తిట్టుకుంటూ గీకాడు. ఒకటి కాదు, రెండు. మూడేమో కూడా.

ఏవి? ముప్పై ఒక్క కర్రల్లో ఏ ముడి ఎక్కడుందో చెప్పగలడు. గాటు ఎక్కడుండేదో చెప్పలేడు. గాటును గుర్తుపెట్టుకోవడం అతని వృత్తి కాదు, పోగొట్టడమే వృత్తి.

ఒక్క ఆశ మిగిలింది. అచ్చు గుద్దినట్టు నొక్కి పెట్టిన గుర్తయితే లోపలి నార నలిగి ఉంటుంది. పైన ఎంత గీకినా, తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీ పెడితే ఆ నలిగిన నార మళ్ళీ ఉబ్బి లేస్తుంది. ఇది కర్రపనివాడెవడికైనా తెలుసు. అదే అడిగాడు.

"పిన్నీ, అది కత్తితో గీసేదా? ఇనప ముక్కతో నొక్కి కొట్టేదా?"

"కొట్టడానికి ఇనుమెక్కడిదిరా మాకు? కత్తితోనే. భలే పదునుండేది దాని కత్తి, వెన్న కోసినట్టు కోసేది." ఆవిడ అది మెప్పుగా చెప్పింది. "ఏం, దొరికిందేమిటి నీకు?"

"లేదు పిన్నీ" అన్నాడు వెనియమిన్.

ఆవిడ వద్దన్నా వినకుండా ఒక కాగితం మీద ఆ మూడు గీతలూ గీసి ఇచ్చింది. ట్రామ్‌లో దాన్ని తైసియానే పట్టుకుంది. నాలుగు స్టాపులు దాటాయి. చివరికి ఆమే అంది.

"ముప్పై ఒకటీ ఆవిడవే అనుకో, వేన్యా."

"అనుకోవడమే అయితే మొదటిదానితోనే అనుకునేవాణ్ణి."

"పోనీ, ఒకదాని మీద నువ్వే గీసి పెట్టుకో. ఎలా ఉండేదో తెలిసిందిగా."

"గీస్తే నా గీతవుతుంది." అతను ఒళ్ళోని దుప్పటి మూట వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "యుద్ధంలో ఉన్నాయే తాయా ఆ గీతలు. బురదలో ఉన్నాయి. యాభై ఏళ్ళు గోదాములో ఉన్నాయి. నా దగ్గరకొచ్చాక ఒక్క సాయంత్రం ఉన్నాయి."

తైసియా కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. తమ స్టాపు వచ్చింది, దిగారు.