స్టెప్నీకి బొచ్చు ఎందుకు ఊడింది

సాలూరు లారీ షెడ్డులో చిరిగిన టార్పాలిన్లు కుట్టే తులసికి చేతిలో దబ్బనం ఆడినట్టే నోట్లో ప్రశ్నలు ఆడేవి. ఇంజను ఆపాక కూడా టిక్కు టిక్కుమని ఎందుకంటుందని మెకానిక్కు ప్రాణం తీసేది. పాత టైరు ఒకవైపే ఎందుకు అరిగిందని డ్రైవర్లను నిలదీసేది. తెలిసినవాడు చెప్పేవాడు, తెలియనివాడు టీ నెపంతో జారుకునేవాడు. జారుకునేవాళ్లే ఎక్కువ లెండి.

అలాంటి మనిషికి ఆ ఎండాకాలం పెద్ద ప్రశ్నే దొరికింది. షెడ్డు కుక్క స్టెప్నీకి బొచ్చు ఊడిపోతోంది. చిన్నప్పుడు స్పేరు టైరులో ముడుచుకుని దొరికింది కాబట్టి దానికా పేరు. తులసి తెచ్చుకునే అన్నంలో సగం దానిదే. ఇప్పుడు పొట్ట కిందా తొడల లోపలివైపూ చర్మం ఎర్రగా బయటపడింది. ఎప్పుడు చూసినా గోక్కోవడమే పని. వీపు మాత్రం నిక్షేపంలా ఉంది!

షెడ్డు యజమాని గోవింద్ కుక్కను చూశాడు. తులసి చేతుల మీది ఎర్రటి దద్దుర్లూ చూశాడు. ఇంకేముంది, ఇది గజ్జే, దాన్నుంచి నీకు అంటింది, రేపు డ్రైవర్లందరికీ అంటుతుందన్నాడు. సోమవారం రాయపూర్ వెళ్లే లారీలో ఎక్కించి, కొండల ఘాటు రోడ్డు దాటాక దింపేయిస్తానని తేల్చేశాడు. చెడ్డవాడేం కాదు, ఉత్త పిరికివాడు. ఆ కొండల్లో దానికి ఇంత ముద్ద పెట్టేదెవరు?

సోమవారంలోగా కారణం కనిపెట్టాలని పట్టుబట్టింది. కారణాలకేం, అడిగినవాళ్లందరి దగ్గరా ఉన్నాయి. గోమార్లు పట్టాయన్నారు. చెవుల వెనకా వేళ్ల సందులా వెతికితే ఒక్కటీ లేదు. మసాలా ఎముకలు పడటం లేదన్నారు. ఎముకలు మాన్పించి పెరుగన్నం పెడితే ఇష్టంగానే తిన్నది గాని గోకుడు ఆపలేదు. ఈనిన కుక్కకు బొచ్చు రాలుతుందని ఒక మహానుభావుడు చెప్పాడు. స్టెప్నీ మగ కుక్కాయె.

ముసలి డ్రైవరు కూర్మయ్య లారీల ఊరి వైద్యం చెప్పాడు. ఇంజన్లోంచి తీసిన కాలిన ఆయిలు. తుప్పు పట్టిన బోల్టుకీ అదే, కిర్రుమనే తలుపుకీ అదే, కుక్క గజ్జికీ అదే. షెడ్డులో అందరూ తలూపారు. తులసి పూసింది. స్టెప్నీ దాన్ని నాకి, వాంతులు చేసుకుని, లారీ కింద పడి మూలిగింది. నా చేతులు విరిగిపోను, ఎంత పని చేశానని తులసికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే దాన్ని ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరు అనూరాధ ముందు గట్టిగా కసిరింది. ఆయిలు లోపలికి పోతే ప్రాణాల మీదికి వస్తుందని చెప్పి, ఒళ్లంతా సబ్బుతో కడిగించింది. తర్వాత చర్మం కాస్త గీకి మైక్రోస్కోపులో చూసింది. గజ్జి పురుగు కనబడలేదు. ఒకసారి చూస్తే దొరకకపోవచ్చని దానికీ మందు ఇచ్చింది. బొచ్చు ఊడడానికి పురుగే ఉండాలని లేదట. తామర పట్టినా ఊడుతుంది, తిండి పడకపోయినా ఊడుతుంది, ఒంట్లో గ్రంథులు సరిగా పనిచేయకపోయినా ఊడుతుంది. తులసి కళ్లు తుడుచుకుని, ఒక్కొక్కటీ ఎలా తెలుస్తుందని అడిగి మరీ విన్నది.

"వీపు బాగుంది, నేలకి ఆనే చోటే పాడైంది. ఇది ఎక్కడ పడుకుంటుంది?" అంది డాక్టరు.

ఊరందరినీ ప్రశ్నలతో వేపుకుతినే తులసి ఈ ఒక్కటీ వేసుకోలేదు! స్టెప్నీ పడుకునేది ఆమె పక్కనే. నేల కాలుతోందని ఆమె స్వయంగా మడతపెట్టి పరిచిన టార్పాలిన్ ముక్క మీద. ఏళ్ల తరబడి సిమెంటు లోడు మీద కప్పిన టార్పాలిన్ అది. ఆ టార్పాలిన్ల కట్ట విప్పి కుట్టడం మొదలుపెట్టిన వారమే ఆమె చేతులకు దురద వచ్చింది. అప్పటికి స్టెప్నీ పొట్ట శుభ్రంగా ఉంది. ఆమె చెప్పింది విని, సిమెంటు పొడి చర్మాన్ని తినేస్తుంది, ఆ ముక్క తీసేసి చూడమంది డాక్టరు, నీ చేతులూ చూపించుకోమంది.

సోమవారం పొద్దున్న లారీ స్టార్టు చేసి ఉంది. క్లీనరు తాడు పట్టుకుని వస్తుంటే తులసి అడ్డం నిలబడి, గోవింద్ ముందు రెండు చేతులూ చాపింది.

"దాన్నుంచి నాకు రానేదు బాబూ. నాకే ముందొచ్చినాది. ఆ సిమెంటు గుడ్డ నానే దానికి పరిసినాను. దద్దుర్లున్నోల్లని ఘాటు దాటించాలంటే ముందు నన్ను ఎక్కించు."

గోవింద్ ఆ చేతుల వంక చూశాడు. సిమెంటు దులపడానికి టైము లేదు, అలాగే కుట్టెయ్యమని ఆ కట్ట తెచ్చి పడేసింది తనే. మొహం పక్కకు తిప్పుకుని, లారీ పోనిమ్మని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. తాడు క్లీనరు చేతిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం స్టెప్నీ తన చోటుకు వచ్చింది. టార్పాలిన్ లేని నేలను వాసన చూసి, తులసి మొహంలోకి చూసింది. ఆమె తన పాత నూలు చీర తెచ్చి పరిచింది.

"పడుకో నాయనా," అంది. "ఈసారి ఉతికే తెచ్చినాను."