దానమ్మ ఒంట్లో మందు

ఉప్పలగుప్తం మండలంలో రొయ్యల చెరువుల మధ్య ఇళ్ళున్నవాళ్ళకి ఏరేటర్ల చప్పుడు చెవికి ఆనదు. రొయ్యలకి ఊపిరాడాలని నీటిని చిలుకుతూ ఆ చక్రాలు రేయింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. అలవాటు పడ్డవాళ్ళకి అది చప్పుడే కాదు. దానమ్మకి మాత్రం ఆనుతుంది. పదేళ్ళ కిందట, ఎండ నడినెత్తిన ఉన్న వేళ, ఆ చప్పుడు ఆమెను పేరు పెట్టి పిలిచింది.

అప్పటికి ఆమె కాపురానికి వచ్చి నాలుగేళ్ళు. అల్లవరం పిల్ల. టెన్త్ తప్పాక రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి చేరింది. బొటనవేలితో ఒక నొక్కు, ఒక లాగు. తల బుట్టలోకి, ఒళ్ళు ట్రేలోకి. ఆమె చేతి వేగం షెడ్డులో ఇంకెవరికీ లేదని, ఎవరినీ మెచ్చుకోని మేస్త్రి కూడా ఒప్పుకునేవాడు. మొగుడు సాల్మన్ చెరువులకి ఐసు తోలే బండి నడుపుతాడు. అత్త మార్తమ్మ నోటికి వీధంతా జడుస్తుంది గాని, ఎవరింట్లో పురుడొచ్చినా ముందు కబురు వెళ్ళేది ఆవిడకే.

మొదట చక్రాలు ‘రా దానం, రా దానం’ అన్నాయి. తర్వాత ‘నీ అత్త కూరలో ఏదో కలుపుతోంది’ అన్నాయి. దానమ్మ కూర మానేసింది, అన్నం మానేసింది. తొక్క ఉన్నవే తినేది: అరటిపండు, ఉడికించిన గుడ్డు, తన చేత్తో తానే కొట్టుకున్న కొబ్బరికాయ. తొక్క దాటి విషం లోపలికి పోదని ఆమె లెక్క. లెక్క చెయ్యడంలో తప్పేమీ లేదు, మొదట వేసుకున్న అంకే తప్పు. ఒకరోజు పిలుపు వచ్చిన వైపే నడుచుకుంటూ పోయి చెరువులో మెడలోతు దాకా దిగింది. సాల్మన్ దూకి జుట్టు పట్టి లాక్కొచ్చాడు. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది.

అమలాపురంలో మనసు జబ్బులు చూసే డాక్టరు మాధవీలత మొదట బిళ్ళలు రాసింది. దానమ్మ వాటిని నాలుక కింద దాచి, ఎవరూ చూడకుండా కాలవలో ఊసేసేది. అప్పుడు డాక్టరమ్మ బిళ్ళల జోలి మానేసి సూదికి వచ్చింది. నెలకోసారి తుంటికి. నూనెలో కలిపిన మందు కండలో కూర్చుని, కొంచెం కొంచెంగా నెత్తుట్లోకి దిగుతుందని చెప్పింది.

“అర్థమైందండీ,” అన్నాడు సాల్మన్. “అయిసు దిమ్మని ఊకలో కప్పెడితే పైకి ఏవీ తెలీదు గాని, లోపల దిగుతానే ఉంటాది. అలాగన్నమాట.”

“సరిగ్గా అలాగే. దిమ్మ అయిపోకముందే ఇంకోటి పెట్టాలి. మర్చిపోకండి.”

మందు పట్టింది. చక్రాలు మళ్ళీ చక్రాలయ్యాయి. దానమ్మ అన్నం తింది, షెడ్డుకి వెళ్ళింది. ఎవరైనా అడిగితే అమలాపురం వెళ్ళేది నడుం నొప్పి సూదికని ఇంట్లోవాళ్ళు చెప్పేవారు. ఆ విధంగా ఊరికి ఆమె జబ్బు తెలుసు, మందు తెలియదు. మనిషి ఎలా కుదుటపడిందంటే ప్రార్థన వల్లనే అనుకోక ఇంకేం అనుకుంటారు?

మందుకీ ఒక బాధ ఉంది. చేతులు వణికేవి. రొయ్య జారిపోయేది, తల సగంలో తెగేది. షెడ్డులో అందరికన్నా ముందుండే మనిషి చివరి బల్లకి చేరింది. ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. బతికి బాగుంటే చాలదా, చేతుల గురించి కూడా అడగడమెందుకు అనుకున్నారు. పెద్ద జబ్బు తగ్గినవాళ్ళు చిన్న బాధలు చెప్పుకోకూడదన్నది మన ఇళ్ళల్లో రాయని చట్టం.

ఈ ఏడు ఈస్టరు ముందు శ్రమ దినాలు మొదలవుతుండగా మార్తమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది.

“ఈ నలభై రోజులూ సూది వద్దులే దానం. దేవుడి మీద వదిలేద్దాం.”

“డాక్టరమ్మగారు తిడతారత్తా.”

“తిడితే నేను పడతాను. నీ చేతులు చూసుకున్నావా? గ్లాసు పట్టుకుంటే టీ అంతా నేలే తాగుతుంది.”

నిజానికి దానమ్మకి కావలసిందీ అదే. ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఎదురుచూస్తోంది, అంతే.

సూది మానేశాక ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కాదు, బాగుపడింది. చేతుల వణుకు తగ్గింది. ఒళ్ళు తేలికైంది. ఒకనాడు షెడ్డులో ఆమె ముందు ట్రే నిండిపోయి మేస్త్రి రెండోది తేవలసివచ్చింది. ఒంట్లోంచి పోతున్న మందు ముందుగా తాను పెట్టే బాధను తీసుకుపోతోంది. ఆపుతున్న బాధను ఇంకా ఆపుతూనే ఉంది. ఊకలో దిమ్మ కరుగుతుంటే పైన నిలబడ్డవాళ్ళు చల్లగా ఉందని సంతోషించారు.

ఈస్టరు నాడు తెల్లవారి ఆరాధనలో పాస్టరుగారు పిలిస్తే దానమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. “పదేళ్ళుగా నన్ను పట్టుకున్నదాన్ని దేవుడు తీసేసేడండి. ఇప్పుడు మందూ లేదు, మాకూ లేదు.” మందంటే నడుం నొప్పి సూదే అనుకున్నారు విన్నవాళ్ళు. స్తోత్రం, స్తోత్రం అని చర్చి మారుమోగింది. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. దానమ్మ అబద్ధం చెప్పలేదు. తెలిసినంతలో నిజమే చెప్పింది. ఆ నిజం పలికిస్తున్న మందు ఇంకా తుంటిలోనే ఉందని అక్కడ తెలిసినవాళ్ళు లేరు.

సాక్ష్యం నోరు దాటాక చెప్పినవాళ్ళది కాదు, విన్నవాళ్ళ సొత్తు. రాజోలు దగ్గర శనివారం జరిగే సభకి దానమ్మను తీసుకొస్తామని పాస్టరుగారు మాటిచ్చేశారు.

ఆ వారంలోనే మొదలైంది. షెడ్డులోకి అడుగు పెట్టగానే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయినట్టు అనిపించింది. అనిపించిందా, ఆగిపోయాయా? సాక్ష్యం చెప్పిన మనిషి గురించి నలుగురూ మాట్లాడుకోరా? మాట్లాడుకుంటారు. అదే భయం. ఏది ఉన్నదో ఏది లేనిదో తేల్చుకోవడానికి ఆమెకున్నవి కూడా ఆ చెవులే. సాయంత్రం ఇంటికొస్తూ చెరువు గట్టు మీద నిలబడి విన్నది. చక్రాలు తిరుగుతున్నాయి. ఆ చప్పుడు ఇంకా మాట కాలేదు. మాట కాబోతున్నట్టుంది.

కాలికి ముల్లు గుచ్చుకుంటే గుచ్చుకుందని తెలుస్తుంది. ఈ జబ్బు అలా కాదు, వస్తూనే ఇది జబ్బన్న ఎరుకను ముందుగా ఎత్తుకుపోతుంది. పదేళ్ళ కిందట చెరువులోకి దిగుతున్నప్పుడు తనకేదో అయిందని ఆమె ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఇప్పుడింకా అనుకోగలుగుతోంది. ఎన్నాళ్ళు అనుకోగలదు?

సాల్మన్‌తో చెప్పింది. “ఎండలకి నిద్దర చాలటం లేదు నీకు,” అన్నాడు అతను, మొహం తిప్పుకుని. అతనికి ఆ చెరువు ఇంకా కళ్ళలోనే ఉంది. ఆ మాట వినదలచుకోలేదు.

మార్తమ్మతో చెప్పింది.

“అత్తా, సూదికి ఎల్దాం.”

“ఇప్పుడా? సాక్ష్యం చెప్పేక? జనం నవ్వరూ?”

“మరి నీ షుగరు బిళ్ళ మానేవా నువ్వు? శ్రమ దినాల్లో కూడా పొద్దున్నే ఏసుకున్నావు. అదీ మెల్లగా పనిచేసే బిళ్ళే కదా, నమలొద్దని చెప్పేరు.”

“షుగరు వేరే. షుగరు కలెక్టరుకీ ఉంటాది, పాస్టరుగారికీ ఉంటాది. దానికి సిగ్గేంటే?”

ఆ ఒక్క మాటలో మార్తమ్మ మన వైద్యం నడిచే తీరంతా చెప్పేసింది.

“రాజోలు సభ అయిపోనీ. సోమవారం చూద్దాం,” అంది మళ్ళీ తనే, గొంతు తగ్గించి.

“సోమవారానికి నేనుంటానా అత్తా?”

“చావు మాటలెందుకే పొద్దున్నే!”

“చావు కాదత్తా.”

మార్తమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున మార్తమ్మ ఉప్మా చేసి పళ్ళెంలో పెట్టింది. దానమ్మ పళ్ళెం పక్కకి జరిపి అరటిపండు తింది. ఆకలి తీరక ఇంకోటి తీసుకుంది. రెండో పండు తొక్క తీస్తుండగా చెయ్యి ఆగిపోయింది. ఉప్మా ఎందుకు తినలేదో తనకు తెలియదు. తినకూడదని ఎవరూ చెప్పలేదు, తానూ అనుకోలేదు. చెయ్యే నిర్ణయించుకుంది. తలెత్తితే గుమ్మంలో మార్తమ్మ నిలబడి ఆ తొక్కల వంక చూస్తోంది. బయట చర్చి వ్యాను హారన్ కొట్టింది.

రాజోలు వెళ్ళాలంటే అమలాపురం మీదుగానే. వ్యాను నిండా ఆడవాళ్ళు. ముందు సీట్లో పాస్టరమ్మగారు కంజీర వాయిస్తూ పాట ఎత్తుకున్నారు, వెనకవాళ్ళు అందుకున్నారు. కిటికీ పక్కన దానమ్మ పిడికిళ్ళు బిగించుకుని కూర్చుంది. అమలాపురంలోకి వచ్చారు. ఇంకొక మలుపు తిరిగితే డాక్టరమ్మ ఆసుపత్రి. దిగాలని ఉంది. అదే సమయంలో, దిగొద్దు, ఆ సూదిలోనే ఉంది అసలు విషం, అని కూడా ఉంది. రెండూ తన గొంతులాగే ఉన్నాయి. పాట పెద్దదైంది. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ అందులో తన పేరు వినపడింది.

చేయగలిగింది ఒక్కటే మిగిలింది. వంగి అత్త చెవిలో అడిగింది.

“అత్తా, వీళ్ళు నా పేరు పెట్టి పాడతన్నారా?”

మార్తమ్మ పాట మొత్తం విన్నది, చరణం చివరిదాకా.

“లేదే,” అంది. తర్వాత లేచి నిలబడి డ్రైవరు వైపు అరిచింది. “ఏవయ్యా, ఆపు! ఆపమంటే!”

పాట తెగిపోయింది. “ఏంటండీ మార్తమ్మగారూ?” అన్నారు పాస్టరమ్మగారు.

“దీనికి వాంతొస్తందండి. మీరెళ్ళండి, మేం ఎనకాల బస్సుకి వచ్చేత్తాం.”

“ఒక్క నిమిషం ఆగుతాంలెండి. దానమ్మ లేకపోతే ఎలాగండీ? ఆవిడ కోసమే కదా...”

“ఆయ్, తెలుసండి. ఎళ్ళండి మీరు.”

ఆసుపత్రిలో డాక్టరు మాధవీలతకి కోపం వచ్చింది. అయితే తిట్టింది దానమ్మను కాదు. “రెండు సూదులు తప్పించారా! చేతులు వణుకుతున్నాయంటే నాకు చెప్పాలి. మోతాదు తగ్గించేదాన్ని, వేరే మందు చూసేదాన్ని. నాతో ఒక్క మాట అనకుండా మానేస్తారేంటండీ?” మార్తమ్మ తిడితే తాను పడతానన్న మాట నిలబెట్టుకుంటున్నట్టు తల వంచుకుని నిలబడింది.

నర్సు సూదిలోకి మందు లాగుతుంటే దానమ్మ కళ్ళప్పగించి చూసింది. పసుపుపచ్చటి నూనె. వద్దు, అంది లోపలి గొంతు. లే, పరుగెత్తు, అంది. ఆమె బల్ల అంచు పట్టుకుని పక్కకి తిరిగి పడుకుంది. నమ్మకం వల్ల కాదు. నమ్మకం అప్పటికే సగానికి పైగా పోయింది. పోయిన సగాన్ని అత్త కళ్ళతో చూడాలని మాత్రం ఇంకా గుర్తుంది.

“ఇవాళ వేసింది రేపటికే పట్టదు,” అంది డాక్టరమ్మ. “మెల్లగా పోయిన మందు మెల్లగానే వస్తుంది. కొన్ని వారాలు గడిస్తేనే గండం దాటినట్టు. అప్పటిదాకా రోజూ ఈ బిళ్ళ. దగ్గర కూర్చుని మింగించాలి, నోరు తెరిపించి చూడాలి. ఒంటరిగా చెరువుల వైపు పంపొద్దు.”

మార్తమ్మ ఫోను మోగింది. పాస్టరమ్మగారు. పక్కన కూర్చున్న దానమ్మకి కూడా ఆ గొంతు వినపడుతోంది. “వాంతులు తగ్గేయా? బస్సెక్కేరా?”

మార్తమ్మ కోడలి వంక చూసింది.

“లేదండి. ఆసుపత్రిలో ఉన్నాం. సూది చేయిత్తన్నాం... నడుం నొప్పికి కాదండి, ఆ పాత జబ్బుకే. పదేళ్ళనించీ ఆ సూదేనండి... ఆయ్, ఈస్టరుకి ముందూ ఆ సూదే... సాక్ష్యం సంగతి పాస్టరుగారితో నేనే మాట్లాడతాను. తప్పు దీనిది కాదండి, నాది.”

మార్తమ్మ ఫోను పెట్టేసి, బిళ్ళ విప్పి కోడలి నాలుక మీద పెట్టింది. నీళ్ళ సీసా అందించింది.

దానమ్మ నాలుక తనకు తెలియకుండానే బిళ్ళను పక్కకి తోసి అడుగుకి చేర్చింది. పాత అలవాటు అది. ఎదురుగా ఉన్న ముసలి మొహం తనకు విషం పెడుతున్న మొహంలా ఒకసారి, రాత్రుళ్ళు తన పక్కనే పడుకుని కాపలా కాసిన మొహంలా ఒకసారి కనపడుతోంది. ఏది నిజమో తేల్చుకునే ఓపిక లేదు.

“నోరు తెరువే దానం,” అంది మార్తమ్మ.

దానమ్మ నాలుక ఎత్తి, బిళ్ళను మధ్యకి తెచ్చుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది. అప్పుడు నోరు తెరిచి చూపించింది.