బాబాయి దేశంలో అన్నీ ఒప్పులే

మా బాబాయి ముందు ఎవరినీ తప్పు పట్టడానికి వీల్లేదు. పట్టామా, ఆ తప్పు ఒప్పయ్యే దేశం ఒకటి అప్పటికప్పుడు పుట్టుకొచ్చేది.

ఎదురింటాయన రోజూ తన స్కూటరు తెచ్చి మా గేటుకి అడ్డంగా పెట్టేవాడు. పిన్ని ఓ రోజు నడుం బిగించి దెబ్బలాటకి బయల్దేరింది. బాబాయి ఆపాడు. ఒక దేశంలో అలా పెడితే మీ ఇంటికి కాపలా మాది అని అర్థమట. ఆ దేశం పేరేంటో చెప్పమంది పిన్ని. "నోరు తిరగదే," అన్నాడు. ఎదురింటాయన ఈ మాట విన్నట్టున్నాడు, మర్నాటి నుంచి కారుతో కూడా కాపలా కాశాడు.

ఇంకోసారి డాక్టరు గది బయట బాబాయి విడిచిన చెప్పులు ఎవడో తొడుక్కుపోయాడు. ఒక దేశంలో గుమ్మం బయట వదిలామంటే దానమిచ్చినట్టేనట. మిట్టమధ్యాహ్నం ఎండలో గెంతుకుంటూ ఇంటికొచ్చి మరీ ఈ ముక్క చెప్పాడు మహానుభావుడు. పైగా అరికాళ్ళు కాలాయి కాబట్టి సాయంత్రం రెండో కాఫీ కావాలన్నాడు. మా పిన్ని రాజ్యాంగంలో సాయంత్రానికి ఒక్క కాఫీయే. ఎన్ని దేశాలు పుట్టించినా ఆ చట్టం మాత్రం సడల్లేదు.

తమాషా ఏంటంటే, ఈయన ఉద్యోగమే తప్పులు పట్టడం. ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. కొమ్ము ఎక్కువైనా దీర్ఘం తక్కువైనా అగ్గి మీద గుగ్గిలమే. సీసా మీద లేబులు దిద్దకుండా దగ్గు మందు కూడా తాగడు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన దిద్దిన ఏ పుస్తకానికీ తప్పొప్పుల పట్టిక అతికించాల్సిన పని పడలేదు. అదే ప్రెస్సులో కౌంటర్లో కూర్చునే నాకు రోజుకోసారి ఆ సంగతి వినక తప్పేది కాదు.

ఒకసారి లైబ్రరీ కట్టించిన ఓ పెద్దమనిషి మీద అభినందన సంచిక వేశాం. వెయ్యి కాపీలు. అట్ట మీద 'మహా దాత' అని ఉండాలి. 'మహా తాత' అని పడింది. ఆయనకి యాభై రెండేళ్ళు. జుట్టుకి నల్లరంగు, మీసానికి ఇంకా నల్లరంగు.

పెద్దమనిషి కాపీ పట్టుకుని వచ్చి ఓనరు గదిలో కూర్చున్నాడు. ఓనరు డీటీపీ ఆవిడని పిలిపించాడు. ఆవిడ చేరి పదహారు రోజులు. ఇద్దరు పిల్లలు, ఇంట్లో ఇంకెవరికీ ఉద్యోగం లేదు. బాబాయి సంతకం పెట్టిన ప్రూఫులో 'దాత' అనే ఉంది, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ తర్వాత అక్షరాలు పెద్దవి చెయ్యమన్నప్పుడు ఆవిడ మళ్ళీ టైపు చేసింది, అక్కడ జారింది. ఓనరు రేపట్నుంచి రావద్దనబోతున్నాడు. ఆవిడ ముఖం చూడలేక నేను ఫ్యాను వైపు చూశాను.

"అది నేనే మార్చానండీ," అన్నాడు బాబాయి గుమ్మంలోంచి.

బాబాయి లోపలికొచ్చి పెద్దమనిషికి నమస్కారం పెట్టాడు.

"ఒక దేశంలో ఊరికి మేలు చేసినాయన్ని తాత అంటారండీ. దాత అంటే ఇచ్చేసి వెళ్ళిపోయేవాడు. తాత అంటే ఇచ్చాక కూడా మన ఇంటి మనిషే."

పెద్దమనిషి మీసం సవరించుకున్నాడు. "ఆ దేశంలో తాతలు జుట్టుకి రంగేసుకుంటారా?"

"తాతలు మాత్రమే వేసుకోవాలండీ. కుర్రాళ్ళకి అనుమతి లేదు."

ఆయన పగలబడి నవ్వాడు. ఓనరు మాత్రం నవ్వలేదు. ప్రతి కాపీలో చీటీ అతికించమన్నాడు: తప్పు తాత, ఒప్పు దాత, పొరపాటు ప్రూఫ్ రీడరుది. ఆ చీటీ ప్రూఫు బాబాయే దిద్దాడు. కామా ఒకటి చేర్చాడు.

ఇంటికెళ్తూ ఉండబట్టలేక అడిగాను. "బాబాయ్, అబద్ధం చెప్పావు. ఏ దేశంలో ఒప్పు అది?"

"ఎక్కడా కాదురా," అన్నాడు. "తప్పే." తన తప్పుకి ఈయన ఒక్క దేశాన్ని కూడా పుట్టించుకోలేదని అప్పుడు తెలిసింది.

నేను ఇంటికి తెచ్చిన ఆ చీటీని పిన్ని రెండుసార్లు చదివి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడకి అర్థమైపోయింది. వంటింట్లోకి వెళ్ళి, బాబాయి అప్పుడే ఖాళీ చేసిన గ్లాసు పక్కన ఇంకో కాఫీ తెచ్చిపెట్టింది.

బాబాయి కంగారుపడ్డాడు. "ఇదేంటే?"

"ఒక దేశంలో మొగుడు ఉద్యోగంలో తప్పు చేసొస్తే రెండో కాఫీ ఇస్తారట."

"ఏ దేశం?"

"నోరు తిరగదు," అంది పిన్ని. "చల్లారిపోతుంది, తాగండి."